పెద్ద తాళం, చిన్న తాళాలు: కంప్యూటరు గర్భంలో ఒక ప్రక్షాళన కథ

ప్రవాసాంధ్రుల కుటుంబాలలో కంప్యూటరు వృత్తిలో ఉన్నవారు ఒకరైనా తారసపడటం సర్వసాధారణం. అర్ధరాత్రి ఫోను మోగి, ‘డ్రైవరు పడిపోయింది’ అంటూ ఆ వ్యక్తి ఆదుర్దాగా లేచి కూర్చుంటే, మాతృదేశం నుండి వచ్చిన పెద్దలు ఎవరికి ఏ ప్రమాదం జరిగిందోనని కంగారు పడటమూ కద్దు. ఇక్కడ డ్రైవరు అంటే కారు నడిపే మనిషి కాదు. కంప్యూటరుకు తగిలించిన ప్రతి పరికరానికీ, అది కీబోర్డు కానివ్వండి, డిస్కు కానివ్వండి, నెట్‌వర్కు కార్డు కానివ్వండి, దాని భాష దానికి ఉన్నది. ఆ భాషలన్నీ ఆపరేటింగ్ సిస్టంకు రావు. అందుచేత ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క దుబాసీ అవసరం. ఆ దుబాసీ పని చేసే ప్రోగ్రామునే డివైస్ డ్రైవర్ అంటారు.

మామూలు ప్రోగ్రాము చెడితే అది ఒక్కటే ఆగిపోతుంది. డ్రైవరు సంగతి అట్లా కాదు. చాలా ఆపరేటింగ్ సిస్టంలలో డ్రైవర్లు వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నెల్‌లో, దానితో ఒకే స్మృతి స్థలాన్ని పంచుకుంటూ నివసిస్తాయి. అక్కడ ఒక్క పొరపాటు జరిగినా యంత్రమంతా స్తంభించిపోవచ్చు. డ్రైవర్లలో ఏకకాలంలో సాగే పనుల మధ్య పొత్తు ఎట్లా కుదురుస్తారు, ఆ ఏర్పాటును ఎందుకు శుద్ధి చేయవలసి వస్తుంది, అందుకు ఎంత ఓర్పు కావాలి అన్న విషయాలను, ప్రోగ్రాములు వ్రాయటం తెలియని వారికి కూడా బోధపడే విధంగా స్థూలంగా పరిచయం చేయటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

దారాలు, చిక్కులు

కంప్యూటరులో ఒక వరుసలో సాగిపోయే ఆజ్ఞల పరంపరను ‘త్రెడ్’, అంటే దారం, అంటారు. ఒక దారం ఉత్తరం పంపుతూ ఉంటే, మరొక దారం సంగీతం వినిపిస్తూ ఉంటుంది. ప్రాసెసరు ఒక్కటే ఉన్నప్పుడు అది ఒక దారాన్ని ఆపి మరొక దారాన్ని అందుకుంటూ, అన్నీ ఒకేసారి జరుగుతున్నట్లు భ్రమ కల్పిస్తుంది. ఒకే పలకపై అనేక ప్రాసెసర్లు ఉన్న యంత్రాలలో ఇది భ్రమ కాదు. దారాలు నిజంగానే ఒకే క్షణంలో నడుస్తాయి. వీటికి తోడు ‘ఇంటరప్ట్’ అనే అంతరాయ సంకేతం ఒకటి ఉన్నది. పరికరానికి అవసరం కలిగినప్పుడు అది ప్రాసెసరు చేస్తున్న పనిని మధ్యలో ఆపించి, తన గోడు ముందు వినమంటుంది.

ఒక ఉదాహరణ తీసుకొనవచ్చు. ఒక నెట్‌వర్కు డ్రైవరు, పంపవలసిన సందేశాలను 16 గళ్ళున్న పట్టికలో ఉంచుతుందని అనుకుందాం. ఏడవ గడి ఖాళీగా ఉన్నట్లు మొదటి దారం గమనించింది. అది అందులో వ్రాయబోయే లోపలనే రెండవ దారం కూడా అదే గడిని చూసి, ఖాళీయేనని తలచింది. మొదటి దారం తన సందేశాన్ని వ్రాసింది. మరుక్షణం రెండవ దారం దానిపైనే తన సందేశాన్ని వ్రాసింది. మొదటి సందేశం ఆనవాలు లేకుండా పోయింది. రెండు దారాలలో దేనిని విడిగా పరీక్షించినా తప్పు కనిపించదు. తప్పు ఉన్నది ‘చూడటానికీ’ ‘వ్రాయటానికీ’ నడుమనున్న అతి స్వల్ప వ్యవధిలో. దీనిని ‘రేస్ కండిషన్’ అంటారు. ఎవరు ముందు చేరితే ఫలితం వారి పక్షమయ్యే పరుగుపందెం ఇది.

రసాయన శాస్త్రంలో ఉష్ణోగ్రత, పీడనం, గాఢత ఒకటే అయితే ప్రయోగ ఫలితం కూడా ఒకటే కావాలి. కాని పైన చెప్పిన దోషం అట్లా లొంగదు. అదే ప్రోగ్రాము, అదే యంత్రం, అదే సమాచారం. అయినా లక్షసార్లు సరిగా పనిచేసి, ఆ తరువాత ఒక్కసారి తప్పవచ్చు. కనుక ‘పరీక్షించి చూశాం, బాగానే ఉన్నది’ అన్న మాటకు ఈ రంగంలో విలువ తక్కువ.

రైలు మార్గం నేర్పిన పాఠం

ఈ సమస్యకు పరిష్కారం ఏమిటి? భారతదేశంలో ఒంటి పట్టాల మార్గంపై ప్రయాణించిన పెద్దలకు ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. రైలు స్టేషనులోకి వస్తూ ఉండగా ఇంజను నడిపేవారు ఒక పెద్ద వలయాన్ని క్రింద నిలబడిన ఉద్యోగికి అందించి, మరొక వలయాన్ని అందుకుంటారు. ఆ వలయానికి తగిలించిన సంచిలో ఒక లోహపు గోళం ఉంటుంది. అదే ‘టోకెన్’. అది చేతిలో లేనిదే ముందున్న మార్గంలో అడుగు పెట్టరాదు. రెండు స్టేషన్లలోని యంత్రాలకు విద్యుత్ సంబంధం ఉన్నందున, ఒకసారి ఒక గోళం మాత్రమే బయటకు వస్తుంది. కనుక ఆ మార్గంలో రెండు రైళ్ళు ఎదురుపడే అవకాశం లేదు.

కంప్యూటరు తాళం కూడా ఇటువంటిదే. నెదర్లాండ్స్ దేశీయుడైన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1960వ దశకంలో ఈ భావానికి శాస్త్రీయ రూపమిచ్చి, దానికి ‘సెమాఫోర్’ అని రైలు సిగ్నల్ స్తంభం పేరే పెట్టాడు. పట్టికను తాకబోయే దారం ముందుగా తాళాన్ని పుచ్చుకోవాలి. పని ముగియగానే విడిచిపెట్టాలి. తాళం వేరొకరి వద్ద ఉంటే వేచి ఉండాలి. తాళాన్ని పుచ్చుకొనే క్రియలో మళ్ళీ ‘చూడటం, వ్రాయటం’ అనే సందు ఏర్పడకుండా, ఆ రెంటినీ విడదీయరాని ఒకే క్రియగా జరిపే ఆజ్ఞను ప్రాసెసరులోనే అమర్చుతారు.

ఎనిమిది సెకన్లు

ఇది కేవలం పండితుల చర్చ అనుకొనరాదు. థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్సా యంత్రం వల్ల 1985 జూన్ నుండి 1987 జనవరి వరకు అమెరికా, కెనడా దేశాలలో ఆరు ఘోర సంఘటనలు జరిగాయి. ఈ యంత్రం రెండు విధాల చికిత్స చేసేది: ఎలక్ట్రాన్ పుంజాన్ని తక్కువ తీవ్రతతో ప్రయోగించటం ఒకటి, సుమారు 100 రెట్ల తీవ్రతగల పుంజాన్ని ఒక లోహపు అడ్డుపై పడనిచ్చి, ఎక్స్-కిరణాలను పుట్టించటం రెండవది. అడ్డు లేకుండా ఆ తీవ్రమైన పుంజం మనిషిపై పడితే ప్రాణాంతకం.

1986 మార్చి, ఏప్రిల్ నెలలలో టెక్సాస్ రాష్ట్రంలోని టైలర్ పట్టణంలో జరిగింది ఇదే. యంత్రాన్ని నడిపే ఉద్యోగి పొరపాటున ఎక్స్-కిరణాల అక్షరాన్ని టైపు చేసి, వెంటనే గమనించి సవరించింది. యంత్రంలోని అయస్కాంతాలు సర్దుకొనటానికి సుమారు 8 సెకన్లు పట్టేది. ఆ వ్యవధిలో జరిగిన సవరణను ప్రోగ్రాములోని ఒక పని గమనించింది, మరొకటి గమనించలేదు. రెండూ స్మృతిలో ఒకే చోటును పంచుకుంటున్నా, వాటి మధ్య తాళమంటూ లేదు. ఫలితంగా యంత్రంలో ఒక భాగం పాత ఆజ్ఞను, మరొక భాగం కొత్త ఆజ్ఞను పాటించాయి. తెరపై మాత్రం సవరించిన ఆజ్ఞే సవ్యంగా కనిపించింది. 180 రాడ్‌ల మోతాదు అందవలసిన మొదటి రోగికి 16,500 నుండి 25,000 రాడ్‌ల వరకు అంది ఉండవచ్చునని తరువాతి పరీక్షలలో తేలింది. టైలర్‌లోని ఇద్దరు రోగులూ మరణించారు.

ఇందులో గమనించదగిన అంశాలు రెండున్నాయి. మొదటిది, నిదానంగా టైపు చేసేవారి చేతిలో ఈ దోషం బయటపడదు. అనుభవం వల్ల చేతివేగం పెరిగిన తరువాతనే బయటపడింది. రెండవది, ఇదే దోషం అంతకు ముందు నమూనా అయిన థెరాక్-20 ప్రోగ్రాములోనూ ఉన్నది. కాని ఆ యంత్రంలో విడిగా అమర్చిన విద్యుత్ రక్షణలు ప్రమాదాన్ని ఆపుతూ వచ్చాయి. కొత్త యంత్రంలో ఆ రక్షణలను తొలగించి, భారమంతా ప్రోగ్రాముపైనే ఉంచారు. సరిగా పనిచేస్తున్నట్లు కనిపించినంత మాత్రాన అది సరియైనది కాదని దీనివల్ల స్పష్టమవుతుంది.

తాళాలలో రకాలు, తాళాల రోగాలు

తాళం వేసినంత మాత్రాన కష్టాలు తీరవు. ఇల్లలకగానే పండుగ కాదు. ముందుగా తగిన తాళాన్ని ఎంచుకొనాలి. ‘మ్యూటెక్స్’ అనే తాళం దొరకని దారం నిద్రకు ఉపక్రమిస్తుంది; వంతు వచ్చినప్పుడు దానిని లేపుతారు. ‘స్పిన్‌లాక్’ దొరకని దారం నిద్రపోదు. గుమ్మంలోనే నిలబడి ‘తెరిచారా, తెరిచారా’ అని అడుగుతూనే ఉంటుంది. పని క్షణంలో ముగిసేదైతే రెండవది మేలు. దీర్ఘమైనదైతే మొదటిది మేలు. ఇంటరప్ట్‌కు స్పందించే భాగానికి నిద్రపోయే హక్కు లేదు కనుక అది మ్యూటెక్స్‌ను ఆశ్రయించరాదు. అట్లే, స్పిన్‌లాక్ పట్టుకొని ఉన్న దారం నిద్రపోరాదు.

ఇక రోగాల సంగతి. మొదటి దారం ‘క’ తాళాన్ని పట్టుకొని ‘చ’ తాళం కోసం, రెండవ దారం ‘చ’ తాళాన్ని పట్టుకొని ‘క’ తాళం కోసం ఎదురుచూస్తే, ఇద్దరి నిరీక్షణకూ అంతం లేదు. ఇదే ప్రతిష్టంభన. దీనికి చికిత్స సులభం: అందరూ ముందు ‘క’, తరువాత ‘చ’ అనే ఒకే వరుసను పాటించాలి. చెప్పటం సులభమే కాని, వేల ఫైళ్ళలో వందలమంది వ్రాసిన ప్రోగ్రాములో ఆ వరుసను నిలబెట్టటం కష్టం.

కొంగున కట్టిన తాళం చెవి

ఈ కష్టానికి ఒక పెద్ద దృష్టాంతం లినక్స్ ఆపరేటింగ్ సిస్టం. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ వ్యవస్థ, 1996లో వెలువడిన 2.0 రూపంలో అనేక ప్రాసెసర్ల యంత్రాలపై నడవటం నేర్చుకున్నది. అప్పటికే ఉన్న ప్రోగ్రామంతా ఒక్క ప్రాసెసరు కోసం వ్రాసినది. ప్రతి డ్రైవరునూ తిరగవ్రాయటం అసాధ్యం కనుక ఒక సులభోపాయం చేశారు. కెర్నెల్ మొత్తానికి ఒకే ఒక తాళం వేశారు. దానికి ‘బిగ్ కెర్నెల్ లాక్’, అంటే కెర్నెల్ పెద్ద తాళం, అని పేరు.

పూర్వం ఉమ్మడి కుటుంబాలలో ఇంటి పెద్దావిడ కొంగున ఒకే తాళం చెవి ఉండేది. ఇనప్పెట్టెకూ అదే, గాదెకూ అదే, పచ్చళ్ళ గదికీ అదే. ఒక కోడలు ఇనప్పెట్టె తెరిచి ఉంటే, మరొక కోడలు చారెడు ఉప్పు కోసమైనా ఆగవలసిందే. ఇందులో భద్రతకు లోటు లేదు, వేగానికే లోటు. రసాయన చర్యల వేగాన్ని అన్నిటికన్నా నిదానమైన అంచె నిర్ణయించినట్లే, ఎనిమిది ప్రాసెసర్లున్న యంత్రం వేగాన్ని కూడా ఆ ఒక్క తాళం వద్ద నిలిచిన వరుసే నిర్ణయించసాగింది.

ఈ పెద్ద తాళానికి మరి రెండు వింత లక్షణాలున్నాయి. దానిని పట్టుకున్న దారమే మళ్ళీ అడిగినా కాదనకుండా ఇస్తుంది. పట్టుకున్న దారం నిద్రలోకి జారితే తాళం తానంతట తానే విడుదలై ఇతరుల చేతికి వెళ్ళి, మెలకువ రాగానే తిరిగి వస్తుంది. పెద్దావిడ కునుకు తీస్తే చెవి మేకుకు వ్రేలాడినట్లన్న మాట. మెలకువ వచ్చేసరికి గదిలోని వస్తువులు ఎవరు సర్దారో, ఎక్కడ సర్దారో ఆమెకు తెలియదు. ఈ లక్షణాలపై తెలిసో తెలియకో ఆధారపడిన డ్రైవర్లు సంవత్సరాల తరబడి పేరుకుపోయాయి. చివరకు ఆ తాళం ఏ చోట దేనిని కాపాడుతున్నదో ఎవరికీ నిశ్చయంగా తెలియని స్థితి ఏర్పడింది. ఎందుకున్నదో తెలియని తాళాన్ని తీయటానికే అందరికీ భయం.

పదిహేనేళ్ళ ప్రక్షాళన

తొలి సంవత్సరాలలో తరచుగా వాడే ముఖ్య భాగాలకు చిన్న తాళాలు ఏర్పరచారు. మూలమూలల ఉన్న డ్రైవర్లలో మాత్రం పెద్ద తాళమే కొనసాగింది. ముఖ్యంగా పరికరాలకు ప్రత్యేక ఆజ్ఞలు పంపే ‘ఐఓసీటీఎల్’ అనే ద్వారం వద్ద కెర్నెల్ తానే పెద్ద తాళం వేసి, ఆ తరువాత డ్రైవరును పిలిచేది. 2005లో, తాళం లేకుండా డ్రైవరును పిలిచే మరొక ద్వారాన్ని ప్రక్కనే తెరిచారు. సిద్ధమైన డ్రైవర్లు ఒక్కొక్కటే కొత్త ద్వారానికి మారవచ్చు. సిద్ధం కానివి పాత ద్వారంలోనే ఉండవచ్చు. పాతదానిని కూలగొట్టకుండా కొత్తది కట్టే ఈ పద్ధతి అనుసరణీయం.

2006లో ఇంగో మోల్నార్ చొరవతో మ్యూటెక్స్ లినక్స్‌లో ప్రవేశించింది. అదే సంవత్సరం ‘లాక్‌డెప్’ అనే పరిశీలక సాధనం కూడా వచ్చింది. ఏ తాళం తరువాత ఏ తాళం పుచ్చుకున్నారో అది వ్రాసి పెట్టుకుంటుంది. ఒకచోట ‘క, చ’ వరుస, మరొకచోట ‘చ, క’ వరుస కనిపిస్తే, ప్రతిష్టంభన నిజంగా సంభవించకపోయినా, సంభవించగలదని హెచ్చరిస్తుంది. లక్షలో ఒకసారి వచ్చే రోగాన్ని రాకముందే పసిగట్టే వైద్యం ఇది.

2008లో సెమాఫోర్ల నిర్మాణాన్ని మార్చినప్పుడు, వాటిపై ఆధారపడిన పెద్ద తాళం మందగించి, ఒక పనితీరు పరీక్షలో వేగం సుమారు 40 శాతం పడిపోయింది. పెద్ద తాళాన్ని మళ్ళీ పాత స్పిన్‌లాక్ పద్ధతికే మార్చి ఆ వేగాన్ని దక్కించుకున్నారు. కాని దానివల్ల తాళం చేత ఉన్న దారాన్ని మధ్యలో ఆపి, అత్యవసరమైన పనికి చోటివ్వటం సాధ్యం కాకపోయింది. ఖచ్చితమైన కాలనియమం కావలసిన వారికి ఇది పెద్ద ఆటంకం. దానితో పెద్ద తాళాన్ని సమూలంగా తొలగించాలన్న ఉద్యమం ఊపందుకున్నది.

అనుసరించిన ఉపాయం చక్కనిది. కెర్నెల్ వాకిట్లో ఒక్కచోట వేస్తున్న తాళాన్ని, ప్రతి డ్రైవరు గుమ్మంలోకి దించారు. జోనథన్ కార్బెట్ తదితరులు 2008లో, పరికరాన్ని తెరిచే క్రియ విషయంలో ఈ పని చేశారు. పైకి చూస్తే ఒకటి ఉన్నచోట వందలు వచ్చాయి. పని పెరిగినట్లే కనిపిస్తుంది. కాని అంతవరకు కంటికి కనబడని తాళం ఇప్పుడు ప్రతి డ్రైవరులోనూ అక్షరరూపంలో నిలిచింది. ‘ఇది ఇక్కడ ఎందుకు?’ అని అడగటం సాధ్యమయింది. జవాబు లేనిచోట తీసివేశారు. ఉన్నచోట ఆ డ్రైవరుకే చెందిన చిన్న తాళాన్ని అమర్చారు. 2010లో ఐఓసీటీఎల్ పాత ద్వారం మూతపడింది. 2011 మేలో విడుదలైన 2.6.39 రూపంలో, ఆర్న్డ్ బెర్గ్‌మన్ కృషితో, పెద్ద తాళం పూర్తిగా అంతరించింది. 1996 నుండి లెక్కిస్తే ఇది పదిహేనేళ్ళ ప్రక్షాళన.

డ్రైవరును శుద్ధి చేసే విధానం

ఈ చరిత్ర నుండి గ్రహించదగిన క్రమం ఒకటున్నది. తాళం కాపాడేది ప్రోగ్రాములోని వాక్యాలను కాదు, సమాచారాన్ని. కనుక మొదటి పని తాళాలను లెక్కించటం కాదు, ఉమ్మడి ఆస్తి జాబితా వ్రాయటం. ఏ అంశాన్ని ఏయే దారాలు తాకుతాయి? ఇంటరప్ట్ తాకుతుందా? ఒక్క దారమే తాకేదానికి తాళం అక్కరలేదు. ఇతరుల కంటబడక ముందే వ్రాసి, ఆపై మార్చని దానికీ అక్కరలేదు. మిగిలిన ప్రతి అంశం ప్రక్కన, దానిని కాపాడే తాళం పేరు వ్రాసి ఉంచాలి. తాళాలు ఒకటికి మించితే వాటి వరుసను కూడా వ్రాయాలి.

రెండవ పని, పెద్ద తాళం స్థానంలో చిన్నది వేసేముందు పాత అలవాట్లను పరిశీలించటం. పట్టుకున్న తాళాన్నే మళ్ళీ అడిగే అలవాటు డ్రైవరుకు ఉంటే, మ్యూటెక్స్ రాగానే అది తనకోసం తానే ఎదురుచూస్తూ నిలిచిపోతుంది. తాళంతో నిద్రపోయే అలవాటు ఉంటే, దానిని లేపవలసిన దారం అదే తాళం కోసం ఆగిపోవచ్చు.

మూడవది, తాళం చేతిలో ఉండే కాలాన్ని తగ్గించటం. అవసరమైన సమాచారాన్ని ప్రతి తీసుకొని, తాళం విడిచి, ఆ తరువాత నిదానమైన పని చేసుకోవాలి.

నాలుగవది, వీడ్కోలు. వాడుకరి యుఎస్‌బి పరికరాన్ని ఉన్నట్లుండి పీకివేసినప్పుడు, అంతకు ముందే లోపల ప్రవేశించిన దారం ఇంకా దానితో మాట్లాడుతూ ఉండవచ్చు. కొత్తవారిని లోపలికి రానీయకుండా ఆపటం, ఇంటరప్ట్‌లను మూయటం, లోపలున్న వారందరూ బయటపడేవరకు వేచి ఉండటం, ఆ తరువాతనే స్మృతిని విడుదల చేయటం – ఇదే క్రమం. దీనిని తలక్రిందులు చేస్తే, కూల్చిన ఇంటిలో మనుషులు మిగిలిపోయినట్లే.

కనిపించని ఫలితం

పెద్ద తాళం పోయిన రోజున సామాన్య వాడుకరికి ఏ మార్పూ కనిపించలేదు. కొత్త బొమ్మ లేదు, కొత్త మీట లేదు. అయితే అదే దారిలో సాగిన కృషి ఫలితంగా, అత్యవసర కార్యాలకు నియమిత కాలంలో స్పందించే ‘ప్రీఎంప్ట్-ఆర్‌టి’ ఏర్పాటు 2024 నవంబరులో వెలువడిన 6.12 రూపంలో లినక్స్ ప్రధాన శాఖలో చేరింది. వాకిలికి ఒకే తాళం వేసి ఉంటే ఇది జరిగేది కాదు.

ఈ వృత్తిలో ఉన్నవారు నెలల తరబడి శ్రమించి, ‘ఏమి చేశావు?’ అన్న ప్రశ్నకు, ‘ఏమీ మారకుండా చూశాను’ అని జవాబు చెప్పవలసి రావటం విచిత్రం. అటువంటి శ్రమకు కొలత కష్టం. జరగని ప్రమాదాన్ని ఎవరూ లెక్కించలేరు. కాని టైలర్‌లో ఆ 8 సెకన్లలో జరిగినదానిని ఎరిగినవారికి, ఉమ్మడి ఆస్తి ప్రక్కన దాని తాళం పేరు వ్రాసి పెట్టే ఆ చిన్న వాక్యం విలువ ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.